నల్లా కారినా, తలుపు పట్టేసినా: కొద్దిపాటి పనిముట్లతో ఇంటి పని చేసుకునే తీరు

కారే నల్లా కింద ఒక గ్లాసు పెట్టి గడియారం చూడండి. పావు లీటరు గ్లాసు గంటలో నిండితే రోజుకు 6 లీటర్లు, నెలకు 180 లీటర్లు మోరీలో పోతున్నట్టు. ఎండాకాలం టాంకీ అడుగంటినప్పుడు ఆ నీళ్ల విలువ మీకే తెలుసు. దాన్ని ఆపడానికి ఒక స్క్రూడ్రైవరు, ఒక పానా, ఒక చిన్న వాషరు, అరగంట తీరిక ఉంటే చాలు. ఇంత చిన్న పనికి ప్లంబరు వెంటనే రాడు. ఆయనను తప్పుపట్టలేం, ఆయనకు కొత్త ఇళ్ల పైపులైన్ల పనే తీరదు.

మాది వరంగల్‌లో కాశిబుగ్గ దిక్కు పాత ఇల్లు. ముందు రెండు అర్రలు పెంకులవి, వెనుకవి తర్వాత స్లాబు పోసినవి. బాపు పోయినంక ఆయన పనిముట్లున్న గోనె సంచి నా చేతికొచ్చింది. అప్పటినుంచి ఇంట్లో చిన్న పనులన్నీ నేనే చేసుకుంటున్నాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. బిగించిన వస్తువు పాడయ్యేది సైజు కుదరని పనిముట్టు పెట్టడం వల్ల. చిన్న స్క్రూడ్రైవరు పెడితే స్క్రూ తల అరిగిపోతుంది. నట్టును కటింగ్ ప్లేయరుతో తిప్పితే మూలలు కొట్టుకుపోయి గుండ్రంగా అవుతుంది. ఆ తర్వాత సరైన పానా తెచ్చినా అది పట్టదు. అందుకే కింద ప్రతి పనిముట్టుకూ సైజు చెబుతున్నాను, దాన్ని వదలకండి.

మొదట ఏవి కొనాలి

నలభై ముక్కల సెట్టు కొనకండి. అందులో ముప్ఫై మీ చేతికి రావు, మిగతా పది గట్టివి కావు. వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణంలో నిలబడి విడివిడిగా, చేత్తో పట్టి చూసి కొనండి.

స్క్రూడ్రైవర్లు కనీసం మూడు కావాలి. పేచ్‌కస్ అన్నా ఇస్తారు. ఒకటి వెడల్పు మూతి చప్పటిది, ఒకటి సన్నమూతి చప్పటిది, మూడోది 2వ నంబరు స్టార్. తలుపు కబ్జాల (మడత బందుల) స్క్రూలు, స్విచ్‌బోర్డు స్క్రూలు, అల్మారా స్క్రూలు ఎక్కువగా ఈ 2వ నంబరుకే కూర్చుంటాయి. ఇంట్లోంచి రెండు మూడు స్క్రూలు జేబులో వేసుకుపోయి దుకాణంలోనే పెట్టి చూడండి. చప్పటి మూతి గాడి పొడవంతా నిండాలి. స్టార్ మూతి పెట్టి ఊపితే కదలకూడదు. అమెరికాలో 1930లలో హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లతో బజారుకు వచ్చిన ఈ స్టార్ తలకు ఒక గుణముంది: ఒత్తిడి ఎక్కువైతే డ్రైవరు గాడిలోంచి పైకి ఎక్కి జారుతుంది. కాబట్టి తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువ పెట్టాలి. అరచేయి పిడి వెనుక ఆనించి, ఒంటి బరువు దానిమీద వేసి, అప్పుడు తిప్పండి. స్క్రూలు అరగగొట్టుకునే వాళ్లలో చాలామంది ఈ ఒక్క సంగతి తెలియక కష్టపడుతున్నారు.

కటింగ్ ప్లేయరు 8 అంగుళాలది తీసుకోండి. దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. మొన దగ్గర వెలుగు కనబడితే పక్కన పెట్టి ఇంకొకటి అడగండి. తీగ కోయడానికి, వంచడానికి, చిన్న మొల పట్టుకోవడానికే అది. నట్ల జోలికి పోనివ్వద్దు.

నట్లకు సైజు మార్చుకునే పానా, 10 అంగుళాలది. దీనికి రెండు దవడలు: ఒకటి పిడితో కలిసే ఉంటుంది, రెండోది కదులుతుంది. కదిలే దవడ ఏ వైపుంటే ఆ వైపుకే తిప్పాలి. అప్పుడు బరువంతా గట్టి దవడ మీద పడుతుంది. తిరగేసి పట్టుకుంటే కదిలే దవడ కొద్దిగా తెరుచుకొని, నట్టు మూలల మీదుగా జారుతుంది, మీ వేళ్లు గోడకు తగులుతాయి. నట్టు మీద పెట్టాక చక్రం తిప్పి సందు లేకుండా బిగించడం మరవద్దు.

కొలతల గురించి ఒక మాట. మన దగ్గర వెల్డింగ్ వాళ్లు, వడ్లాయనలు ఇప్పటికీ సూతుల్లో మాట్లాడతారు. అంగుళానికి 8 సూతులు, 4 సూతులంటే అర అంగుళం. కొత్త బోల్టులు మిల్లీమీటర్లలో వస్తాయి. 6 మిల్లీమీటర్ల బోల్టు తలకు 10 నంబరు పానా, 8 మిల్లీమీటర్ల దానికి 13 నంబరు పానా పడుతుంది. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. చూడటానికి 13కు దగ్గరే. కానీ 13 పానాను 4 సూతుల వెడల్పున్న నట్టుకు పెడితే కాస్త ఆడుతుంది, తుప్పు పట్టిన నట్టయితే ఆ కాస్త ఆటకే మూలలు పోతాయి. పాత ఇంట్లో రెండు రకాలూ కలిసే ఉంటాయి, పెట్టి చూసి తిప్పండి.

సుత్తి తల అరకిలో ఉంటే సరిపోతుంది, వెనుక మొల పీకే చీలిక ఉన్నది. పిడి చివర పట్టుకోవాలి. తల దగ్గర పట్టుకుంటే దెబ్బలో బరువుండదు, పది దెబ్బలకు మొల వంగుతుంది. మొల పీకేటప్పుడు సుత్తి తల కింద చెక్క ముక్క పెట్టండి. గోడ గీరుకుపోదు, మొల తిన్నగా లేస్తుంది.

5 మీటర్ల టేపు ఒకటి. దాని కొక్కెం కొంచెం ముందుకూ వెనక్కూ ఆడుతుంటుంది. అది లోపం అనుకొని కొట్టి బిగించకండి. కొక్కెం ఎంత మందం ఉందో సరిగ్గా అంతే ఆడేలా చేస్తారు. అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నొక్కినా కొలత ఒకటే రావాలని.

ఆక్సా బ్లేడు (ఇనుము కోసే రంపం) ఫ్రేము 12 అంగుళాలది. బ్లేడు పళ్ల మొన ముందుకు ఉండేలా బిగించాలి, కోత నెట్టేటప్పుడే పడుతుంది. అంగుళానికి 24 పళ్ల బ్లేడు పైపులకూ, ఇనుప పట్టీలకూ పనికొస్తుంది.

టెస్టరు సంగతి తర్వాత చెబుతాను. రసమట్టం, ఉలి, రందా (చెక్కను చిత్రిక పట్టేది), ఆకురాయి ఇప్పుడే కొనకండి. పని వచ్చినప్పుడు ఒక్కొక్కటి.

కారే నల్లా బాగు చేయడం

ముందు నల్లాకు నీళ్లొచ్చే పైపు మీది గేట్ వాల్వు బంద్ చేయండి. బోరు నీళ్ల సున్నం పట్టి అది తిరగకపోతే బలవంతం చేయకుండా మీద టాంకీ దగ్గర బంద్ చేయండి. నల్లా తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదలండి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కండి. చిన్న స్క్రూ అందులో పడితే అరగంట పని పూట పని అవుతుంది.

నల్లా ఏ రకమో చూడండి. బంద్ చేయడానికి రెండు మూడు చుట్లు తిప్పాల్సి వస్తే లోపల రబ్బరు వాషరు ఉంటుంది. పావు చుట్టుకో, అర చుట్టుకో బంద్ అయితే లోపల పింగాణీ బిళ్లల స్పిండిల్ (పిడితో పాటు తిరిగే లోపలి భాగం) ఉంటుంది. దానికి వాషరు మార్చేది ఉండదు, స్పిండిల్ మొత్తం మార్చాలి.

పిడి మీద చిన్న మూత ఉంటే సన్న స్క్రూడ్రైవరుతో లేపండి. కింద స్క్రూ విప్పి పిడి పైకి లాగండి. రాకపోతే సుత్తితో కొట్టొద్దు. అది సున్నం పట్టుకున్నది. నిమ్మరసంలోనో, వెనిగర్‌లోనో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఆగండి, అటూ ఇటూ ఊపుతూ లాగితే వస్తుంది.

ఇప్పుడు ఆరు మూలల భాగం కనబడుతుంది. దానిమీద మందపాటి గుడ్డ చుట్టి పానా పెట్టండి. మెరుగు చెడదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే దీన్నే గుర్తుంచుకోండి: కుడిచేత్తో పానా తిప్పుతూ ఎడమచేత్తో నల్లా ఒడలు గట్టిగా ఆపి పట్టాలి. పట్టకపోతే ఆ తిప్పుడు గోడలోపలి పైపుకు పోతుంది. లోపలి జాయింటు కదిలితే టైల్స్ పగలగొట్టాల్సిందే. మా స్నానాల గదిలో నాకు అట్లనే జరిగింది. 30 రూపాయల పని గోడ పనైంది.

స్పిండిల్ బయటికి తీశాక అడుగున వాషరు చూడండి. గట్టిపడి, మధ్యలో గుండ్రటి గాటు పడి ఉంటుంది. దాన్నే తీసుకుపోయి దుకాణంలో చూపించండి, నోటితో సైజు చెబితే తప్పు వస్తుంది. కొత్తది వేసే ముందు నల్లా లోపల వేలు పెట్టి, వాషరు కూర్చునే అంచు తడిమి చూడండి. నున్నగా ఉంటే మంచిదే. గరుకుగా, గుంటలు పడి ఉంటే ఎన్ని వాషర్లు మార్చినా కారుతూనే ఉంటుంది, నల్లా మార్చాలి.

తిరిగి బిగించేటప్పుడు మొదట చేత్తో ఆఖరుదాకా తిప్పి, ఆ తర్వాత పానాతో పావు చుట్టు మాత్రమే. వాల్వు మెల్లగా తెరవండి.

నల్లానే మార్చాల్సి వస్తే ఇంట్లో ఎక్కువగా ఉండేది అర అంగుళం సైజు. పాత టెఫ్లాన్ టేపు మొత్తం గీకేయండి. కొత్త నల్లా మర చుట్లున్న కొన మీ ముఖం వైపు పట్టుకొని, గడియారం ముల్లు తిరిగే దిక్కున టేపు లాగి లాగి 8 నుంచి 10 చుట్లు చుట్టండి. వ్యతిరేకంగా చుడితే బిగించేటప్పుడు టేపంతా ఊడి ముద్ద అవుతుంది. నల్లా నోరు కిందికి రావడానికి కొంచెం ఎక్కువ తిరిగిందనుకోండి, వెనక్కు తిప్పొద్దు. వెనక్కు తిప్పితే టేపు పట్టు పోతుంది. విప్పి, టేపు తీసేసి, ఒకటి రెండు చుట్లు ఎక్కువ వేసి మళ్లీ బిగించండి. ప్లాస్టిక్ పైపులకు ప్లాస్టిక్ మరలే ఉంటే ఇంకా నెమ్మదిగా పోవాలి, ఎక్కువ బిగిస్తే ఆ రోజు కాకపోయినా పది రోజులకు చీలుతుంది.

వానలకు పట్టేసే తలుపు

ఆషాఢం ముసురు పట్టగానే మా గల్లీలో మొదలయ్యే కష్టం ఇది. పోయిన వానాకాలం పక్కింటి అక్క వచ్చింది.

"చెల్లే, ముందర తలుపు పడ్తలేదు. వడ్లాయనను పిలిచి చెక్కిపియ్యాల్నా?"

"ఆగు అక్కా, ముందుగాల కబ్జాలు చూద్దాం. చెక్కినంక మళ్ల అతకలేం గదా."

చెక్క తడి గాలిని పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు పెరగదు. అందుకే తలుపు ఎత్తు అంతే ఉండి వెడల్పు పెరిగి, గొళ్లెం వైపు దర్వాజకు (తలుపు చుట్టూ ఉండే చట్రానికి) రాసుకుంటుంది. టేకు కొంచెమే ఉబ్బుతుంది, వేప, మామిడి చెక్కలు ఎక్కువ. రంగు వేసిన ముఖాల కంటే రంగు వేయని అంచులే తడి ఎక్కువ పీలుస్తాయి. తలుపు పై అంచు, కింది అంచు ఎవరూ చూడరు కాబట్టి ఎవరూ రంగు వేయరు.

కాబట్టి మొదట తలుపు సగం తెరిచి, పిడి పట్టుకొని పైకి లేపి చూడండి. పై కబ్జా దగ్గర కదులుతుంటే సమస్య చెక్క ఉబ్బడం కాదు, స్క్రూలు వదులవడం. తలుపు గొళ్లెం వైపు పై మూలలోనూ, కింద గడపకూ రాసుకుంటుంటే నూటికి తొంభైపాళ్లు ఇదే కారణం. 2వ నంబరు స్టార్‌తో స్క్రూలు బిగించండి. బిగియకుండా ఊరికే తిరుగుతుంటే రంధ్రం పెద్దదైంది. ఆ స్క్రూ తీసేయండి. అగ్గిపుల్లల గంధకం తుంచేసి, పుల్లలకు ఫెవికాల్ పూసి, రంధ్రంలో పట్టినన్ని కుక్కండి. వెదురు చీలికైతే ఇంకా గట్టిది. మిగిలింది అంచుకు సమంగా కోసి, ఒక రాత్రి ఆరనివ్వండి. పొద్దున అదే స్క్రూ బిగించండి. ఒక్కో కబ్జాకు ఒక్కో స్క్రూ చొప్పునే చేయండి, అన్నీ ఒకేసారి విప్పితే తలుపు మీద పడుతుంది. అక్క వాళ్ల తలుపుకు ఇంతే చేశాం. రందా అవసరం రాలేదు.

కబ్జాలు గట్టిగా ఉండి కూడా రాసుకుంటుంటే, ఎక్కడ తగులుతుందో కనిపెట్టాలి. దర్వాజ లోపలి అంచుకు సుద్ద పూసి తలుపు రెండుసార్లు మూసి తెరవండి. తలుపు మీద సుద్ద అంటిన చోటే తగిలే చోటు. ముందుగా అక్కడ కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. చాలాసార్లు ఆ సీజను దాటిపోతుంది.

అదీ చాలకపోతే గరుకు కాగితం చెక్కముక్కకు చుట్టి, సుద్ద అంటిన చోటే రుద్దండి, మాటిమాటికీ మూసి చూస్తూ. రందా పట్టడం ఆఖరి మాట. ముసురులో ఉబ్బిన తలుపును నేను ఒకసారి హాయిగా మూసుకునేదాకా చిత్రిక పట్టాను. మార్చి వచ్చేసరికి చెక్క ఎండి, చిటికెన వేలు పట్టేంత సందు పడింది. ఆ తలుపుకు ఇప్పటికీ అంచున పట్టీ కొట్టి ఉంది. రందా పట్టక తప్పదంటే తగిలే చోట మాత్రం, కాగితమంత పలుచగా, చెక్క నారల దిక్కున లాగండి. మిగతాది వానలు తగ్గి చెక్క ఆరినాక చూసుకోవచ్చు. ఆ ఆరిన రోజుల్లోనే పై అంచుకూ, కింది అంచుకూ ప్రైమరు వేసి రంగు వేయండి. వచ్చే ఏడాదికి అదే అసలు మందు.

గోడకు మొల

సున్నపు గోడైతే మామూలు మొల దిగుతుంది కానీ ఆగదు, సున్నం రాలుతుంది. సన్న మొలతో నిదానంగా కొట్టి, ఫోటోల్లాంటి తేలిక వస్తువులే తగిలించండి. బరువైనవి పాత ఇంట్లో దూలానికో, చెక్క పట్టీకో వేలాడదీయడమే మంచిది.

సిమెంటు గోడకు స్టీలు మొల కావాలి. పైన ప్లాస్టరు అర అంగుళం దాకా ఉంటుంది కాబట్టి అది దాటి ఇటుకలోకి పోయేలా 2 అంగుళాలది తీసుకోండి. స్టీలు మొల వంగదు, పక్క దెబ్బ తగిలితే విరిగి ముక్క ఎగురుతుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా కొట్టొద్దు, పిల్లలను ఆ గదిలో ఉంచొద్దు. మొల మొదలు వేళ్లతో కాకుండా ప్లేయరుతో పట్టుకోండి. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా మొల కొట్టనే కొట్టొద్దు, వైర్ల పైపు ఆ దారినే పోతుంది. నల్లాలకు పైనా కిందా కూడా అంతే.

అద్దం, అరలాంటి బరువైన వాటికి ప్లాస్టిక్ గిట్టీలు (గోడ రంధ్రంలో దూర్చే బిరడాలు), వాటిలో బిగించే స్క్రూలు వాడాలి. డ్రిల్లు మిషను ఒకపూట ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. గిట్టీ మీద రాసి ఉన్న సైజు బిట్టే పెట్టండి, 6కు 6, 8కి 8. రెండు రంధ్రాలు సమంగా రావాలంటే సుతారి వాళ్ల ఉపాయం ఉంది: సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, గాలి బుడగలు లేకుండా చూసి, రెండు కొనలు గోడకు పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. రసమట్టం లేని ఇంట్లో కూడా గీత తప్పదు.

కరెంటు దగ్గర ఎక్కడ ఆగాలి

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. టెస్టరు లోపలి చిన్న దీపం వెలిగితే కరెంటు ఉన్నట్టే. వెలగకపోతే లేదని మాత్రం నమ్మొద్దు. దీపం పాడైనా వెలగదు, మీరు ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడితే సరిగా కనబడకపోవచ్చు. అందుకని ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్లో పెట్టి వెలుగు చూడండి, తర్వాత పని చేసే చోట చూడండి, మళ్లీ ఒకసారి మొదటి సాకెట్లో చూడండి. టెస్టరుతో స్క్రూలు బిగించకండి, లోపలి భాగాలు చెడి అది అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్చు) దించి, ఇంట్లో వాళ్లకు "ఎవరూ ముట్టొద్దు" అని చెప్పి, పొడి చేతులతో, చెప్పులేసుకొని: వదులైన స్విచ్‌బోర్డు పలక బిగించడం, ప్లగ్ టాపులో ఊడిన వైరు బిగించడం. మనం చేసుకునేవి ఈ రెండే. కాలిన వాసన, గోడ తడిసి షాకు కొట్టడం, ఎంసీబీ మాటిమాటికీ పడిపోవడం ఉంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. మీటరు, స్తంభం, సర్వీసు వైరు ఎన్‌పీడీసీఎల్ (మన దిక్కు కరెంటు సంస్థ) వాళ్ల పని, 1912కు ఫోను చేయండి.

పనిముట్లు పెట్టుకునే చోటు

2023 జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ రోజుల్లో వరంగల్, హన్మకొండల్లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. మా వెనుక అర్రలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. బాపు సంచి కిందే ఉంది. రెండు రోజుల తర్వాత తీస్తే ప్లేయరు తెరుచుకోలేదు, పానా చక్రం తిరగలేదు. నాకు బాగా బాధయింది, కానీ చాలావరకు దక్కించుకున్నాను. బురద మంచినీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, కీళ్లలో కిరోసిన్ పోసి ఒక రాత్రి ఉంచాను. పొద్దున మెల్లగా తెరిచి మూసి, తుడిచి, కుట్టుమిషను నూనె రాశాను. కర్ర పిడులను మాత్రం నీడలో ఆరనివ్వాలి, ఎండకు పగులుతాయి.

ఇప్పుడు అవి గోడకు, ఛాతీ ఎత్తున, మొలలకు వేలాడుతున్నాయి. ప్రతి దాని చుట్టూ గోడ మీద పెన్సిలుతో గీత గీసి పెట్టాను. ఏది లేదో చూడగానే తెలుస్తుంది. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పాత గుడ్డతో మిషను నూనె పలుచగా తుడవండి. కొబ్బరినూనె వద్దు, 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కాబట్టి మన చలికాలం రాత్రుల్లో కీళ్లలో గడ్డకడుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. ఆక్సా బ్లేడును పని అయ్యాక ఒక చుట్టు వదులు చేసి పెట్టండి.

ఎవరైనా పానా అడిగితే ఇవ్వండి. తీసుకుపోయిన వాళ్ల పేరు సుద్దతో ఆ గీతలోపలే రాసుకోండి.